హాల్లో నాలుగో మనిషి

రామకోటేశ్వరరావు గారు ఉత్తరాన్ని నా బల్ల మీదికి విసిరారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"చదవండి. పైకే చదవండి. మా అన్నయ్యకీ ఇదే వచ్చింది. అచ్చం ఇలాగే. కార్బన్ పెట్టి మరీ రాశాడెవడో."

గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. సాయంత్రం నాలుగున్నరకి కంకిపాడులో ఆయన కొడుకు సాయిగణేష్‌కీ, సంపూర్ణమ్మ గారి అమ్మాయి సాయిశ్రీకీ నిశ్చయ తాంబూలాలు. నేను కుదిర్చిన సంబంధం. ఇంకా అయిదున్నర గంటలుంది.

పైకి చదవలేదు. కళ్లతోనే చదివాను.

'పిల్లకు మూర్ఛరోగము ఉన్నది. తల్లి దాచినది. పీటల మీద పడిపోయినచో మీ పరువు ఏమి కావలెను? ఇట్లు, మీ మేలు కోరు ఆకాశరామన్న.'

అక్షరాలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు విడివిడిగా ఉన్నాయి. కింద సగం కాగితం ఖాళీ. ఆ ఖాళీలో ఈ మూల నుంచి ఆ మూలకి ఒక ఏటవాలు గీత.

ఇది మూడోది. మాఘంలో ఒకటి, వైశాఖంలో ఒకటి, ఇప్పుడు శ్రావణంలో. మొదటి రెండు సంబంధాలూ తాంబూలాల దాకా వచ్చి చెడిపోయాయి.

"నిజమేనా?" అన్నారాయన.

"మూడేళ్ల పిల్లప్పుడు నూటనాలుగు జ్వరం వచ్చి ఒక్కసారి ఫిట్స్ వచ్చిందండీ. ఇరవై రెండేళ్లయింది. మళ్లీ రాలేదు. అది రోగం కాదని డాక్టరు అప్పుడే చెప్పాడు."

"మరి మాతో ఒక్క మాట అనలేదేం?"

"మీ అబ్బాయికి చిన్నప్పుడు తట్టు పోసిందని వాళ్లతో నేనన్నానా?"

ఆయనకి నవ్వు రాబోయింది. మీసం కిందే ఆపేసుకున్నారు. పామర్రు దగ్గర పాతికెకరాల మాగాణి రైతు. మాట మోటు గానీ మనిషి చెడ్డవాడు కాదు.

"చూడండి రాజ్యలక్ష్మి గారూ. జ్వరం సంగతి నేను డాక్టర్నడిగి తెలుసుకుంటా. అది పెద్ద విషయం కాదు. పేరు లేని ఉత్తరం ఉంది చూశారూ, అది పెద్ద విషయం. పేరు లేకపోతే ఊరంతా అన్నట్టే లెక్క. మా అన్నయ్య అప్పుడే పదిమందికి చూపించాడు. రాసినవాడెవడో చెప్పండి. ఫలానావాడు, ఫలానా కక్షతో రాశాడని పెద్దల ముందు చెప్పండి. అది వాడి బుద్ధి అనుకుని తాంబూలాలు పుచ్చుకుంటాం."

"చెప్పలేకపోతే?"

"కార్లు దిగుతాం, మంచినీళ్లు తాగుతాం, వెళ్లిపోతాం. చాప మీద మాత్రం కూర్చోం."

చెప్పుల్లో కాళ్లు పెట్టి మెట్లు దిగారు. ఆయన వ్యాను సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ప్లైవుడ్ పార్టిషన్ అవతల మా ఆయన పేపరు మడిచిన చప్పుడైంది.

వెనక్కి తిరిగితే దుర్గ నా వంకే చూస్తోంది. దుర్గ నా దగ్గర పనిచేసే మనిషి. ముప్పై అయిదేళ్లుంటాయి. మొగుడు వదిలేసి వెళ్లాడు. ఆరేళ్లుగా పొద్దున తొమ్మిదికి వచ్చి ఫైళ్లు రాసి, ఫోన్లెత్తి, అయిదింటికి వెళ్లేది. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉండేది. అబ్బాయి ఎత్తు, అమ్మాయి నక్షత్రం, గోత్రం, అన్నీ ఆ చేత్తో రాస్తే సగం సంబంధం కుదిరినట్టే అనిపించేది.

నేను అప్పటికే లెక్క వేసేస్తున్నాను.

ఈ ఫిట్స్ సంగతి ఫైల్లో లేదు. నేను రాయనివ్వలేదు. పోయిన నెల వాన పడుతున్న ఒక మంగళవారం సంపూర్ణమ్మ గారు ఇదే హాల్లో, ఇదే కుర్చీలో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. అప్పుడు హాల్లో ఉన్నది ఎవరు? ఆవిడ. నేను. దుర్గ.

ఆవిడ సొంత కూతురి మీద రాయదు. నేను రాయలేదు.

"దుర్గా, తలుపు దగ్గరకి వెయ్యి," అన్నాను.

*

మా ఇల్లు పటమటలో, బెంజ్ సర్కిల్‌కి నడిచి వెళ్లేంత దూరం. ఎనిమిదేళ్ల క్రితం, తొంభై మూడులో, ఫోను వచ్చిన వారానికే ఆ హాల్లో వివాహ సమాచార కేంద్రం పెట్టాను. మా ఆయన ఇరిగేషన్‌లో సెక్షన్ ఆఫీసరు. అప్పట్లో అవనిగడ్డలో కాలవల మీద ఉండి శనివారం రాత్రి వచ్చి సోమవారం పొద్దున వెళ్లేవారు. పిల్లలు లేరు. వారంలో ఆరు రోజులు ఆ ఇంట్లో నేను మాట్లాడితే వినేది నేనే. అందుకని పెట్టాను. డబ్బు తర్వాత వచ్చింది.

బజార్లో షాపు తీసుకోమని చాలామంది చెప్పారు. వద్దన్నాను. ఆడపిల్లల తల్లులు షాపు మెట్లెక్కడానికి సిగ్గుపడతారు. ఇంటికైతే పేరంటానికి వచ్చినట్టు వస్తారు, పక్కింటివాళ్లు అడిగితే చుట్టాలమని చెబుతారు. నా వ్యాపారమంతా దాని మీదే నడిచింది.

దాని మీదే చచ్చింది కూడా. ఇంట్లో పెట్టిన ఆఫీసుకి మూసేవేళ ఉండదు. ఆరింటికి నేను పళ్లు తోముకుంటుంటే గుడివాడ నుంచి ఎవరో ఫొటో పట్టుకుని గేటు దగ్గర నిలబడేవారు. అన్నం కలుపుకుంటుంటే ఫోను. అబ్బాయి జీతం గురించి ఎవరో గుసగుసగా అడుగుతుంటే వంటింట్లో కుక్కరు కూత. కూతకి జడిసి లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. అందుకే ఆయన రిటైరై వచ్చిన ఏడాది హాలుకి అడ్డంగా ప్లైవుడ్ పార్టిషన్ వేయించాను. ఇవతల ఆఫీసు. అవతల మేము. వచ్చినవాళ్లున్నప్పుడు అవతల టీవీ పెట్టకూడదు, రేడియో పెట్టకూడదు, గట్టిగా దగ్గకూడదు.

మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి పక్క సీటు ఉంటుంది, పైన ఒకడు ఉంటాడు, తిట్టుకోవడానికైనా. నాకు లేదు. రెండో ఉత్తరం వచ్చాక గవర్నరుపేటలో ఉన్న ఇంకో బ్యూరో వాళ్లని అనుమానించాను. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇంట్లోనే ఆఫీసు కాబట్టి, దిగులేస్తే లేచి ఇంటికి వెళ్లిపోవడానికి కూడా లేదు.

*

"నన్ను అనుమానిస్తున్నారా అండీ?" అంది దుర్గ.

"మూడు సంబంధాలకీ ఫైలు రాసింది నువ్వు."

"నా అక్షరం మీకు తెలీదా?"

"ఎడం చేత్తో ఎవరైనా రాయొచ్చు."

దుర్గ మొహం ఎర్రబడింది. "నాకేం వస్తుందండీ రాస్తే?"

నోటికి రాకూడని మాట వచ్చేసింది. "నీ కాపురం నిలబడలేదు కదా. ఇంకొకరి పెళ్లి చూసి ఓర్వలేకపోయావేమో."

దుర్గ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పెన్ను క్యాపు పెట్టింది. రాస్తున్న ఫైలు మూసి, దారం చుట్టి, అలమారాలో దాని చోట్లో దాన్ని పెట్టింది.

"నా కాపురం సంగతి ఎనిమిది నెలలు మీ బల్ల ముందే కూర్చుని చెప్పుకున్నాను. మీరు బయట ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈ ఇంట్లో నేను విన్నది కూడా నేనెవరికీ చెప్పలేదు." చెప్పులేసుకుంటూ ఆగింది. "ఆ మంగళవారం హాల్లో ముగ్గురమేనా అండీ ఉంది? బాగా గుర్తు తెచ్చుకోండి."

గేటు గొళ్లెం పడిన చప్పుడు వినబడింది. ఆమె అన్న మాట అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు. దొంగ దొరికాడన్న తృప్తి కూడా కలగలేదు.

ఫోను మోగింది.

"నమస్కారం, రాజ్యలక్ష్మి వివాహ..."

"ఆంటీ, నేను సాయిశ్రీని. బూత్ నుంచి చేస్తున్నా." వెనకాల బస్సు హారన్లు. "వాళ్లు వస్తారు కదా?"

"ఎందుకు రారమ్మా?"

"ఆంటీ, నాతో కూడా అలా మాట్లాడకండి. పొద్దున్నే మా మావయ్యకి పామర్రు నుంచి ఫోన్ వచ్చింది. అమ్మకి ఇంకా చెప్పలేదు. పూలమ్మాయితో బేరమాడుతోంది పాపం, మూర రెండు రూపాయలు ఎక్కువ చెప్పిందని."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"ఈ సంబంధం పోతే పోయింది ఆంటీ. ఇంకోటి చూస్తారు మీరు. కానీ ఫిట్స్ పిల్ల అన్న పేరు పోదు కదా? నేను స్కూల్లో టీచర్ని. రేపు క్లాసులో నేను కూర్చుంటే పిల్లలు పడిపోయానేమో అని లేచి చూస్తారు." గొంతు సర్దుకుంది. "ఎవరు రాశారో తెలిసిందా?"

"తెలుస్తుంది."

"తెలిస్తే అక్కడ గట్టిగా చెప్పండి ఆంటీ. మెల్లిగా చెబితే ఎవరికీ వినపడదు. చెడ్డ మాట వినపడినంత గట్టిగా చెప్పాలి."

రూపాయి అయిపోయి లైను కట్టయింది.

*

పన్నెండున్నరకి పాత ఉత్తరాలు రెండూ అలమారాలోంచి తీశాను. అవి అందుకున్నవాళ్లు నా మొహాన కొట్టి పోయినవే. మూడూ బల్ల మీద పక్కపక్కన పరిచాను.

మాఘం ఉత్తరం: పిల్ల తండ్రికి రెండో సంసారం ఉన్నది. వైశాఖం ఉత్తరం: పిల్లవాడు ఒకసారి నిశ్చితార్థము చెడగొట్టుకున్నవాడు. అవి కూడా ఫైళ్లలో లేని సంగతులే. ఇక్కడ, ఈ బల్ల ముందు, గుసగుసగా చెప్పినవి. మూడింట్లోనూ అవే విడి అక్షరాలు. మూడింట్లోనూ సంతకం కింద, మిగిలిన ఖాళీలో, ఏటవాలు గీత.

వైశాఖం ఉత్తరం మీద నా చూపు ఆగిపోయింది. ఆ నెలంతా దుర్గ రాలేదు. టైఫాయిడ్ వచ్చి మంచం మీద ఉంది. నేనే రిక్షాలో వెళ్లి బత్తాయిలు ఇచ్చి వచ్చాను. ఆ అబ్బాయి తల్లి నాతో ఆ సంగతి చెప్పిన రోజున ఈ హాల్లో దుర్గ లేదు.

వెంటనే ఫోను తీశాను. దుర్గ వాళ్లింటి పక్క కిరాణా కొట్టు నంబరు ఉంది నా దగ్గర. కొట్టాయన వెళ్లి చూసొచ్చి చెప్పాడు. "తాళం వేసుందండీ. ఇంకా రాలేదు." ఎక్కడికి వెళ్లిందో నాకు తెలీదు. ఆరేళ్లు నా ఎదురుగా కూర్చున్న మనిషి మనసు బాగోలేకపోతే ఎక్కడికి వెళుతుందో నాకు తెలీదు.

ఒంటిగంట దాటింది. తల తిరుగుతోంది. కాస్త మజ్జిగన్నా తాగుదామని వంటింట్లోకి వెళ్లాను. కుండ మీద మూత తీస్తుంటే దాని కింద పెట్టిన కాగితం జారి కింద పడింది. పచారీ సామాన్ల జాబితా. రిటైరైన దగ్గర్నుంచీ ఆ పని ఆయనదే. కందిపప్పు రెండు కిలోలు. చింతపండు అర కిలో. జీలకర్ర వంద గ్రాములు.

జీలకర్ర కింద ఖాళీ. ఆ ఖాళీలో, ఈ మూల నుంచి ఆ మూలకి, ఏటవాలు గీత.

కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కొత్తగా పెళ్లయినప్పుడు అడిగాను ఆయన్ని, ఈ గీత దేనికని. కాలవ గట్ల పని కొలతలు రాసే పుస్తకంలో ఖాళీ వదలకూడదట. వదిలితే కాంట్రాక్టరు నాలుగు గజాలు కలిపి రాసుకుంటాడు. అందుకని ఎక్కడ చోటు మిగిలితే అక్కడ అడ్డంగా గీత కొట్టేస్తారు. ముప్పై నాలుగేళ్లు కొట్టిన చెయ్యి. చాకలి పద్దుకైనా, చుట్టానికి రాసే కార్డుకైనా ఆగదు.

పార్టిషన్ వంక చూశాను. పావు అంగుళం ప్లైవుడ్. అవతలి వైపు దాన్ని ఆనుకునే ఆయన కుర్చీ. ఆ కుర్చీ అక్కడ వేసింది కూడా నేనే.

*

ఆయన పేపరు చదవడం లేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను మూడు ఉత్తరాలూ, పచారీ జాబితా ఆయన మోకాళ్ల మీద పెట్టాను. చూశారు. కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు.

"గీత కొట్టానా?" అన్నారు. "చూసుకోనేలేదు."

నేనేమనుకున్నానో తెలుసా? కాదంటారనుకున్నాను. అరుస్తారనుకున్నాను. ఆయన మాత్రం తప్పు కొలత దొరికిన ఉద్యోగిలా తల ఊపారు.

"ఎందుకండీ?"

"ఎన్ని తప్పిపోతే బోర్డు తీసేస్తావో చూద్దామనుకున్నా."

"తీసెయ్యమని అడగొచ్చుగా?"

"ఎప్పుడడగను రాజ్యం? ఫోను పెట్టేశాక అడుగుదామనుకున్నా. నువ్వు పెడితే కదా."

"ఇంట్లోనేగా ఉన్నాను నేను!"

"నువ్వున్నావు. ఇల్లే లేదు." గొంతు పెంచలేదాయన. ఆ ఇంట్లో గొంతు పెంచే అలవాటు ఎప్పుడో పోయింది. "ముప్పై నాలుగేళ్లు కాలవ గట్ల మీద తిరిగా. బంగళాల్లో ఒక్కణ్ణే వండుకు తిన్నా. రిటైరై ఇంటికి పోతే చాలు, మా రాజ్యంతో కూర్చుని కాఫీ తాగుతా అనుకున్నా. వచ్చేసరికి హాల్లో ఎవరెవరో కూర్చునున్నారు. వాళ్లకి కాఫీలిచ్చావు. నాకు వెనక తలుపు నుంచి రమ్మన్నావు."

వెనక తలుపు వంక చూశాను.

"పోయిన కార్తీకంలో ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర బూత్ నుంచి నీకు ఫోన్ చేశాను. ఊరికే. ఏం చేస్తున్నావని అడుగుదామని. అమ్మాయికా, అబ్బాయికా అన్నావు."

"మీరని నాకెలా తెలుస్తుంది?"

"రెండుసార్లు రాజ్యం అన్నాను. మీరు గట్టిగా మాట్లాడండి, మీ అబ్బాయి ఏం చదివాడు అన్నావు. పెట్టేశాను."

ఆ ఫోను నాకు గుర్తు లేదు. రోజుకి నలభై వచ్చేవి.

"నా మీద కోపమైతే నా మీద రాయాల్సింది," అన్నాను. "సాయిశ్రీ ఏం చేసింది మిమ్మల్ని?"

ఆ పిల్ల మొహం కూడా ఆయన చూడలేదు. పార్టిషన్ దాటి ఆయన దాకా వచ్చింది ఆ పిల్ల కష్టం ఒక్కటే, మాటల్లో.

"లేవండి. చొక్కా వేసుకోండి. కంకిపాడు వెళ్తున్నాం. అక్కడ మీరే చెప్పండి, నేను రాశాను, అసూయతో రాశానని."

ఉత్తరాలు మడిచి పక్కన పెట్టారు. లేచి చొక్కా వేసుకున్నారు.

*

మూడున్నరకి బెంజ్ సర్కిల్లో బందరు బస్సెక్కాం. కిటికీ పక్క సీటు నాకిచ్చారు. రెండు టిక్కెట్లు తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. మేమిద్దరం కలిసి బస్సెక్కి ఎంత కాలమైందో నాకు గుర్తు రాలేదు. రోడ్డు పక్కన కాలవ నిండుగా పారుతోంది. ఏ తూముకి ఎన్ని తలుపులో, ఏ గండి ఏ తుఫానులో పడిందో ఆయనకి తెలుసు. ఇంకో రోజైతే చెప్పేవారేమో. నేను అడిగేదాన్నేమో.

పోరంకి దాటాక మెల్లిగా అన్నారు. "ఆ దుర్గ ఎలాగూ వెళ్లిపోయిందిగా."

తిరిగి చూశాను.

"నువ్వు ఆ అమ్మాయినన్న మాటలన్నీ విన్నాలే. వాళ్లకి కావాల్సింది ఒక పేరు. ఆ అమ్మాయి పామర్రు పోదు, వాళ్లు పటమట రారు. పిల్ల పెళ్లవుతుంది. నీ బోర్డు నిలుస్తుంది. కావాలంటే బోర్డు నేనే తుడిచి పెడతా రోజూ. ఇంకెప్పుడూ రాయను. ఒట్టు."

ఒక్క రోజులో ఇన్ని మాటలు ఆయన నాతో మాట్లాడి ఆరేళ్లయింది. చెవిలో చెప్పినట్టు చెప్పారు, కొత్త పెళ్లికొడుకులా. నాకు ఏడుపొచ్చింది. సాయిశ్రీ కోసమా, దుర్గ కోసమా, ఆయన కోసమా, తేల్చుకోలేకపోయాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

*

సంపూర్ణమ్మ గారి వాకిట్లో షామియానా వేశారు. మధ్యలో కొత్త చాప పరిచి ఉంది. దాని మీద పళ్లేల్లో పూలు, పళ్లు, తమలపాకులు. చాప మీద ఎవరూ లేరు. పామర్రు వాళ్లు పదిహేను మంది కార్ల పక్కనే నిలబడి ఉన్నారు. మంచినీళ్లు తాగడం కూడా అప్పటికే అయిపోయినట్టుంది. సంపూర్ణమ్మ గారికి సంగతి తెలిసిపోయింది. పట్టుచీర కట్టుకుని స్తంభం పట్టుకుని నిలబడింది. కిటికీ ఊచల వెనక సాయిశ్రీ. తల నిండా కనకాంబరాలు.

నేను వాకిట్లో అడుగుపెట్టాను. ఆయన గేటు దగ్గర ఆగిపోయారు.

"వచ్చారా," అన్నారు రామకోటేశ్వరరావు గారు. గడియారం చూసుకున్నారు. నాలుగూ ఇరవై. పక్కన తెల్ల ఉత్తరీయంతో ఉన్న పెద్దాయన ఆయన అన్నగారు.

"ఏమ్మా, ఆకాశరామన్నని పట్టుకొచ్చావా?" అన్నాడా అన్నగారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నేను గేటు వైపు చూశాను. ఇప్పుడు చెప్పాలి ఆయన. నాలుగడుగులు ముందుకి వేసి ఒక్క మాట చెప్పాలి. పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. నా వంక చూశారు. ఆ తర్వాత నేల చూశారు.

"నేనే చెప్పనా?" అన్నారు రామకోటేశ్వరరావు గారు, నా ఇబ్బంది తీర్చేవాడిలా. "పొద్దున మీ దగ్గర కూర్చుని రాస్తుందే ఒకమ్మాయి, ఉత్తరం చూడగానే మొహం తెల్లబోయింది. ఆ అమ్మాయేనా? అయితే మీరు పేరు కూడా చెప్పక్కర్లేదు. ఊ అనండి చాలు. ఆ విషయం ఇక్కడితో వదిలేద్దాం."

ఒక్క ఊ. నోరు తెరవకుండా కూడా అనొచ్చు. అంటే చాప నిండుతుంది. సన్నాయి మొదలవుతుంది. రేపటికల్లా నా ఫోను మళ్లీ మోగుతుంది. ఆయన ఇంటికొచ్చి కాఫీ అడుగుతారు.

దుర్గ ఫైలుకి దారం చుట్టిన చేతులు కళ్ల ముందు ఆడాయి.

"కాదు," అన్నాను. "ఆ అమ్మాయి కాదు. ఆ అమ్మాయిని నేనే పొద్దున అన్యాయంగా అన్నాను."

"మరెవరు?"

"మా ఆయన."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో ఆడమనిషి "అయ్యో రాత" అంది. సంపూర్ణమ్మ గారు స్తంభం వదిలేసి నా వైపు రెండడుగులు వేసింది.

"మీ ఆయనా?" పెద్దాయన ముందుకొచ్చాడు. "మీ సంబంధాన్ని మీ ఆయనే చెడగొడతాడా? ఎందుకూ?"

"పిల్ల మీద కక్ష కాదండీ. నా ఆఫీసు మీద. నేను ఇంట్లో ఆఫీసు పెట్టి ఆయనకి ఇల్లు లేకుండా చేశానని. పార్టిషన్ అవతల కూర్చుని సంపూర్ణమ్మ గారు నాతో చెప్పుకున్నది విన్నారు. విన్నదానికి నాలుగు కలిపి రాశారు. ఇదివరకు ఇంకో రెండు సంబంధాలకీ అలాగే రాశారు. పిల్లకి ఏ రోగమూ లేదు. రోగం మా ఇంట్లో ఉంది."

"ఎవరమ్మా ఆయన? పేరేంటి?"

కొంగు భుజం మీదికి లాక్కున్నాను.

మా తరం ఆడవాళ్లు మొగుడి పేరు పైకి అనరు. అంటే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ భయపెట్టింది. రేషన్ కార్డు రాసేవాళ్లు అడిగితే పక్కింటావిడ చెప్పేది. బ్యాంకులో కాగితం మీద రాసి చూపించేదాన్ని. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లు. వందల పెళ్లిళ్లు కుదిర్చాను. వేల పేర్లు ఈ నోటితో చదివాను. ఆ ఒక్క పేరు ఎన్నడూ నా గొంతు దాటలేదు.

"మొగుడి పేరు ఎలా చెబుతుందండీ పాపం," అంది ఒకావిడ. "ఇంకెవరినైనా అడగండి."

అక్కడ ఇంకెవరికీ తెలీదు. తెలిసిన ఒక్క మనిషీ గేటు దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, సగం చెప్పొద్దు," అన్నాడు పెద్దాయన. గొంతులో వెటకారం పోయింది. "రేపు మా ఊళ్లో ఎవడైనా ఈ పిల్లని ఏదైనా అంటే, ఫలానావాడు రాశాడ్రా అని నేను వాడి మొహం మీద చెప్పాలి. పేరు లేకపోతే మళ్లీ ఆకాశరామన్నే. చెప్పు."

కిటికీ వంక చూశాను. సాయిశ్రీ ఊచల్ని పట్టుకుని నన్నే చూస్తోంది. గేటు వంక చూశాను. ఆయన తల ఎత్తారు. వద్దనలేదు.

వాకిట్లో ఉన్న ప్రతివాళ్లకీ, కార్ల దగ్గరున్నవాళ్లకీ, రోడ్డు మీద ఆగి చూస్తున్నవాళ్లకీ వినపడేంత గట్టిగా చెప్పాను.

"పటమటలో రాజ్యలక్ష్మి వివాహ సమాచార కేంద్రం ఉన్న ఇల్లే ఆయనిల్లు. పేరు వెంకటసుబ్బారావు."